గౌరవనీయులైన లిఖితపూర్వక సమాధానం గారికి

అయ్యా,

మీరు మళ్లీ దయచేశారు. ప్రవాస భారతీయుల ఓటు సంగతేమిటని పార్లమెంటులో ఎవరో ఎంపీగారు అడగడం, మంత్రిగారు జవాబుగా మిమ్మల్ని తీసి బల్ల మీద పెట్టడం, సాయంత్రానికల్లా మీరు పీడీఎఫ్ రూపంలో మా లేబర్ క్యాంపు వాట్సాప్ గ్రూపులోకి దిగడం చకచకా జరిగిపోయాయి. పంపిన కుర్రాడు పైన ‘శుభవార్త’ అని రాసి రెండు పూల బొమ్మలు కూడా పెట్టాడు. పాపం, గల్ఫ్‌కి కొత్త.

మేం పాతవాళ్లం. ఎంపీగారి ప్రశ్నలో ఒక్కో ముక్కకి ఒక్కో అక్షరం చొప్పున ఉండే మిమ్మల్ని (ఎ) నుంచి (ఇ) వరకు కళ్లు మూసుకుని అప్పజెప్పగలం. చట్టం ఉంది, నమోదు చేసుకోవచ్చు, పోస్టల్ బ్యాలెట్ ప్రతిపాదన అందింది, సంబంధిత వర్గాలతో సంప్రదింపులు జరుగుతున్నాయి, ఆచరణలో కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. మంత్రులు మారారు. పార్లమెంటే పాత భవనం ఖాళీ చేసి కొత్త దాంట్లోకి వచ్చింది, మీరూ సామాను సర్దుకుని వెంట వచ్చేశారు. ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు. తమరి ఆరోగ్య రహస్యం ఏమిటో చెబితే మా క్యాంపులో నడుము నొప్పులవాళ్లు పాటిస్తారు.

ముందుగా కృతజ్ఞతలు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 20ఎ సెక్షన్ పెట్టారు, 2011 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చారు. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద ఫారం 6ఎ నింపితే అక్కడ ఓటరైపోతాం. ఇంతవరకు బాగుంది. దాని కింది ముక్క దగ్గరే వస్తుంది తంటా: పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కి రావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ తమరే కావడం విశేషం.

స్వయంగా రావడమంటే ఏమిటో కాస్త వివరిస్తాను, ఏసీ గదిలో పుట్టారు కాబట్టి మీకు తెలిసే వీలు లేదు. మాకు రెండేళ్లకోసారి సెలవు. అదీ కంపెనీ చెప్పినప్పుడు, ఎన్నికల సంఘం చెప్పినప్పుడు కాదు. షెడ్యూలు వచ్చాక టికెట్ కొందామంటే ఎండాకాలం సెలవుల రేటు చూసి కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ దాటామనుకోండి, బూత్‌లో మీరు చూపించమనే ఆ ఒరిజినల్ పాస్‌పోర్టు మా దగ్గర ఉండదు. కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంటుంది. అలా ఉంచుకోకూడదని ఇక్కడి చట్టమే చెబుతుంది, అయినా అక్కడే ఉంటుంది. బయటికి తీయాలంటే ఎందుకో కాగితం రాసివ్వాలి. తండ్రి చనిపోయాడని రాస్తేనే సగం నమ్ముతారు. ‘కారణం: మా జగిత్యాలలో ఓటు వేయడానికి’ అని రాసిన కాగితాన్ని మా క్యాంపు సూపర్‌వైజర్ చదువుతుంటే ఆ మొహం చూడాలని నాకు చాలా కోరిక. ఉద్యోగం మీద ఆశ ఉండి ఆగిపోయాను.

మా రూములో మేస్త్రీ పని చేసే అన్నకి ఇదంతా చదివి చెబితే ఒక్కటే అడిగాడు. “రెండు నెలల జీతం పెట్టి నేను పోయి ఓటేస్తే, గెల్చినాయన వాపస్ టికెట్ కన్న పైసలిస్తడా?”

మీ లెక్కలే చూడండి. విదేశాల్లో ఉన్న భారత పౌరులు కోటిన్నరకు పైమాటే. 2024 లోక్‌సభ ఎన్నికలకు నమోదైంది దాదాపు 1.2 లక్షల మంది. వచ్చి ఓటేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే, అక్కడి సంఘాలు ‘ఓటు విమానాలు’ మాట్లాడుకుని జనాన్ని దింపుతాయి. అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి అంత హోరాహోరీగా ఎన్నికలు జరిగిన ఆంధ్రప్రదేశ్‌లో ఇలా నమోదై ఓటేసినవాళ్లు 200 మంది కూడా లేరు. దీన్ని మీరు హక్కు అంటున్నారు, మేం కాదనడం లేదు, విమానం ఉన్నవాళ్ల హక్కు అని ఒక ముక్క చేర్చమంటున్నాం.

దూరమే అడ్డమైతే సరిపెట్టుకునేవాళ్లం. కానీ ఇదే ఊళ్లో దూరం అడ్డం రానివాళ్లున్నారు. మన రాయబార కార్యాలయంలో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగి సర్వీస్ ఓటరు. ఆయనకు బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, ప్రింటు తీసుకుని, గుర్తు పెట్టి, పోస్టులో వేస్తాడు. మేం పాస్‌పోర్టు రెన్యువల్ కోసం ఎండలో లైను కట్టేది ఆ ఆఫీసు ముందే. అద్దానికి అటువైపు ఓటు, ఇటువైపు టోకెన్. అదే పద్ధతి మాకూ వర్తింపజేయడానికి సాంకేతికంగా సిద్ధంగా ఉన్నామని ఎన్నికల సంఘమే 2020 నవంబరులో న్యాయశాఖకు రాసింది. మీరేమో విదేశాంగ శాఖను అడగాలన్నారు. అడుగుతూనే ఉన్నారు. ఇద్దరూ ఢిల్లీలోనే కదా, ఆటో ఎక్కినా సాయంత్రంలోపు తేలే పని.

పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి పౌరులు అక్కడే బూత్‌కి నడిచి వెళ్లి పారిస్ ప్రభుత్వాన్ని ఎన్నుకుంటారు. మన పోలీసులే బందోబస్తు. మన గడ్డ మీద వాళ్లకు ఇంత మర్యాద చేసినందుకు సంతోషం.

2018 ఆగస్టులో లోక్‌సభ మా తరఫున ఇంకొకరు ఓటేసే బిల్లు పాస్ చేసింది. రాజ్యసభ గడప దాటకముందే 2019లో సభ రద్దై బిల్లూ పోయింది. దాని గురించి నేను ఏడవను. మా ఊళ్లో నా బదులు ఓటేసే మనిషిని ముందు రోజు రాత్రే ఎవరో ఒకరు కొనేసేవాళ్లు, నా వాటా కూడా వాడే తాగేసేవాడు. 2022 మార్చిలో అప్పటి న్యాయశాఖ మంత్రి కిరణ్ రిజిజు ఆన్‌లైన్ ఓటింగ్ పరిశీలిస్తున్నామన్నారు, దుర్వినియోగం కాకుండా చూడాలన్నారు. దుర్వినియోగమా! చచ్చిపోయినవాళ్లు క్యూలో మాకంటే ముందు నిలబడి ఓటేసే ఊళ్ల నుంచి వచ్చాం, ఆ మాట మాకు చెప్పకండి.

ఇక మర్యాదలు చాలు.

ఏటా విదేశాల నుంచి దేశానికి వంద బిలియన్ డాలర్లకు పైగా వస్తోంది. జీతం పడ్డ రోజు మేం ఫోన్‌లో నొక్కితే మా అమ్మ ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు స్వయంగా మోసుకొచ్చి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి బ్యాంకు కౌంటర్‌లో కట్టాలని ఏ మంత్రీ ఏ సభలోనూ అనలేదు. దానికి ఆచరణలో ఇబ్బంది లేదు, సంప్రదింపులు అక్కర్లేదు. ఓటు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషి కావాలి. మాలో కొందరు శంషాబాద్‌కి కార్గోలో, పెట్టెలో పడుకుని వస్తారు. ఆ పెట్టె ఊరికి చేర్చడానికి అంబులెన్స్ కోసం ఇంటివాళ్లు తిరిగి తిరిగి కాళ్లరిగేటప్పుడు, ఓటు లేని ఇంటికి ఏ నాయకుడు పరిగెత్తుకొస్తాడు? ఎన్నికలప్పుడు మాత్రం ఇదే నాయకులు విమానాలెక్కి ఇక్కడికొచ్చి, ఫంక్షన్ హాలులో దండలు వేయించుకుని, “మీ ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి” అని వెళతారు. మాతో వాళ్లకున్న పని ఆ ఫోన్ కాల్ వరకే.

ఇంకో పదేళ్లు పరిశీలించే ఓపిక మీకుంటే ఉండొచ్చు. ఈలోగా ఒక్క పని చేయండి. ఒక ఉప ఎన్నిక, ఒక గల్ఫ్ దేశం, ఆ రాయబార కార్యాలయానికి వచ్చే పోస్టు సంచి, అంతే పెట్టి చూడండి. అది కుదరదంటే ‘వీళ్ల ఓటు మాకు అవసరం లేదు’ అని (ఎ) నుంచి (ఇ) వరకు ఒకే లైను రాసి సభలో పెట్టండి. సంతకం మాత్రం మంత్రిగారు స్వయంగా వచ్చి చేయాలి.

ఇట్లు,
మా ఊరి పోలింగ్ బూత్ జాబితాలో చిట్టచివరి సెక్షన్‌లో పేరుండి, చేతిలో ఓటరు కార్డు లేని ఓటరు