ఫ్లెక్సీ పులే అసలైన పులి

మన దేశంలో నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీస్తారు. అడవిలో చెట్లకు కెమెరాలు కట్టి, పడ్డ ఫొటోల్లో చారలు పోల్చి చూసి, ఒకే పులిని రెండుసార్లు లెక్కపెట్టకుండా నానా తంటాలు పడతారు. 2022 నాటి లెక్కలో సగటున 3,682 పులులు తేలాయి. ఆ శ్రమను తక్కువ చేయను గానీ, లెక్క తప్పని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను. కరీంనగర్ వైపు మా మేనమామ మొక్కజొన్న చేలో ఉన్న పులిని అందులో కలపలేదు. పక్క చేలో ఉన్న రెండింటినీ కలపలేదు.

కోతులను బెదిరించడానికి మామ పెట్టిన ఈ ఫ్లెక్సీ పులి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. రెండు వెదురు బొంగుల మధ్య సుతిలి తాడుతో బిగించి ఉంటుంది. మండల కేంద్రంలో పుట్టినరోజు శుభాకాంక్షలకూ పెద్దకర్మలకూ ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో పుట్టింది. అక్కడి కుర్రాడు నెట్‌లో పులి అని వెతికి, మొదట కనబడ్డ బొమ్మను దించేశాడు. అది సైబీరియా పులి. మోకాళ్ల లోతు మంచులో నిలబడి, మీసాల మీద మంచు పొడితో, మన ఎండలో మాడుతున్న మొక్కజొన్న వైపు గంభీరంగా చూస్తూ ఉంటుంది. అలవాటు కొద్దీ కుర్రాడు పులి పాదాల కింద దుకాణం పేరు, ఫోన్ నంబరు కూడా వేశాడు.

"ఏంది మామా, పులి మంచుల నిలబడ్డది?" అన్నాను.

"పులి పులే గదరా అల్లుడా. అది మంచో, పత్తో కోతికేమెరుక!"

మొదటి రోజు కోతులు గట్టు దాకా వచ్చి వెనక్కి ఉరికాయి. మూడో రోజు గట్టు మీద వరుసగా కూర్చుని పులిని పరిశీలించాయి. పదో రోజుకు ఒక పిల్లకోతి ఫ్లెక్సీ పై అంచు పట్టుకుని ఊగుతుంటే, దాని తల్లి పులి నీడలో కూర్చుని తీరిగ్గా కంకి ఒలిచింది. మామకు మాత్రం పులి మీద నమ్మకం పోలేదు. సైజు చాలలేదట. ఈసారి పదడుగులది కొట్టిస్తానన్నాడు.

నేను మామ పక్షమే. వన్యప్రాణి సంరక్షణలో మనిషి చేరుకున్న చిట్టచివరి మెట్టు ఫ్లెక్సీ పులి అని నా నిశ్చితాభిప్రాయం. నిజం పులితో ఎంత టెన్షన్! 1973లో ప్రాజెక్టు టైగర్ పెట్టిన నాటి నుంచి కోర్ ఏరియా అంటాం, బఫర్ అంటాం. నల్లమలలో తరతరాలుగా పులి పక్కనే బతికిన చెంచులను, పులి క్షేమం కోసమే కాస్త బయటికి రమ్మంటాం. ఫ్లెక్సీ పులికి ఇరవై నాలుగు చదరపు అడుగులు చాలు. మేకను ఎత్తుకుపోదు, నష్టపరిహారం ఫైలు కదలాల్సిన పని లేదు. అర్ధరాత్రి ఊళ్లోకి వచ్చి చానళ్లకు బ్రేకింగ్ న్యూస్ ఇవ్వదు. ఎండకు వెలిసిపోతే ఇంకోటి కొట్టించుకోవచ్చు కాబట్టి అంతరించే ప్రమాదమూ లేదు.

ఇదంతా పల్లెటూరి రైతు అమాయకత్వం అనుకునేవాళ్లు ఒకసారి దేశ రాజధాని వైపు చూడాలి. ఢిల్లీలో కోతులను తరమడానికి ఒకప్పుడు కొండముచ్చులను (మా వైపు కొండెంగలంటాం) తాడు కట్టి తిప్పేవారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది కుదరదని ఆపేశారు. దాంతో కొండముచ్చు ఉద్యోగం ఖాళీ అయి మనిషికి దక్కింది. కొండముచ్చులా అరవడం వచ్చినవాళ్లను పనిలో పెట్టుకున్నారు. 2023 సెప్టెంబరులో జీ20 సమావేశాలకు ప్రపంచ నేతలు వస్తున్నారనగానే నిలువెత్తు కొండముచ్చు కటౌట్లు వెలిశాయి. కటౌట్ అనేది ఇన్నాళ్లూ సినిమా హీరోలకూ ముఖ్యమంత్రులకూ మాత్రమే దక్కిన మర్యాద. పాలాభిషేకం ఒక్కటే తక్కువైంది.

జపాన్ వాళ్లు మనకంటే ముందున్నారు. హొక్కైడో దీవిలో పశువుల మందలను కాపాడుకోవడానికి పంతొమ్మిదో శతాబ్దంలో తోడేళ్లకు విషం పెట్టి తుడిచిపెట్టేశారు. ప్రధాన దీవిలో 1905 తర్వాత తోడేలు జాడ లేదు. ఆ తర్వాత నూట పదిహేనేళ్లకు, 2020లో, అదే హొక్కైడోలోని తకికావా పట్టణంలో ఎలుగుబంట్లు ఇళ్ల మధ్యకు రావడం మొదలైంది. వాటిని బెదిరించడానికి ఏం తెచ్చి నిలబెట్టారు? తోడేలును! కాకపోతే మరతోడేలు. ఎర్రగా వెలిగే కళ్లు, అటూ ఇటూ తిరిగే తల, దగ్గరికి ఏదైనా వస్తే గట్టిగా ఊళ. ముందు విషానికి ఖర్చు, తర్వాత బ్యాటరీకి ఖర్చు. మనమూ తక్కువ తినలేదు లెండి. చీతా మన దేశంలో ఇక లేదని 1952లో ప్రకటించి, డెబ్బై ఏళ్ల తర్వాత నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెప్పించుకున్నాం. మన చానళ్లలో కొన్ని వాటిని చిరుతలన్నాయి. ఎప్పటి నుంచో ఇక్కడే పడి ఉన్న చిరుతకు ఆ రోజు ఎలా అనిపించి ఉంటుందో!

అసలు సంగతి కోతిది. మనకు కోతులు రెండు రకాలు. మొదటి రకం గుడిలో సిందూరం పూసుకుని ఉంటుంది. రెండో రకం మన ఫ్రిజ్ తలుపు తీస్తుంది. మొదటి రకానికి విజయవాడ దగ్గర పరిటాలలో 135 అడుగుల విగ్రహం నిలబెట్టుకున్నాం. రెండో రకం ఎంత లేచి నిలబడినా మన మోకాలు దాటి కాస్త పైకి వస్తుందంతే. భక్తి అనేది ఎత్తును బట్టి ఉంటుందని ఇంతకంటే రుజువేం కావాలి?

పోయిన ఎండాకాలం ఈ రెండో రకాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగింది. మామ ఇంటి వెనక భాగం ఇంకా గూన పెంకులదే. మధ్యాహ్నం అందరం నడుం వాల్చిన వేళ పెంకులు ఒక్కొక్కటే పక్కకు జరిగాయి. ఒక చెయ్యి, తర్వాత తల, తర్వాత మొత్తం కోతి దిగి వంటింట్లో పెరుగు గిన్నె పక్కన కూర్చుంది. మూత తీసి పక్కన పెట్టింది. విసిరెయ్యలేదు, పెట్టింది. మీగడ వేళ్లతో తీసి నాకుతుండగా అత్తయ్య వచ్చింది. కోతి పళ్లు చూపించింది. వెనక గోడకు ఆంజనేయస్వామి క్యాలెండరు. అత్తయ్య కుడి చేత్తో చీపురు ఎత్తి, ఎడమ చేత్తో చెంప వేసుకుని, "తప్పయింది తండ్రీ... పో నీ మొగం మండ!" అని ఒకే ఊపిరిలో అంది. ఈ దేశపు వన్యప్రాణి విధానాన్ని ఇంత క్లుప్తంగా ఏ మంత్రీ చెప్పగా నేను వినలేదు.

తా చెడ్డ కోతి వనమెల్ల చెరిచిందని సామెత. ఆ సామెత పుట్టిన రోజుల్లో వనం ఉండేది. మామ ఊరి చుట్టూ నాలుగు గుట్టలుండేవి. వాటి మీద తునికి, మొర్రి, పరికి, సీతాఫలం. రెండు గుట్టలు గ్రానైటు పలకలై ఓడ ఎక్కాయి. ఇప్పుడు ఏ దేశంలో ఎవరి వంటింటి గట్టుగా ఉన్నాయో, వాటి మీద ఎవరు ఉల్లిగడ్డలు తరుగుతున్నారో. మూడోది సగముంది. రోడ్డు వెడల్పులో మర్రిచెట్లు పోయాయి, వాటికి బదులు డివైడరు మీద కోనోకార్పస్ పచ్చగా నిలబడింది. అది తినే పండు కాయదు. కొండ విదేశాలకు వెళ్లిపోయాక కోతి ఇల్లెక్కింది. ఎత్తు మీద కూర్చునే అలవాటు మానలేదు, అంతే తేడా.

2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్నారు. చక్కటి నినాదం, ప్రాస కూడా కుదిరింది. 'ఎక్కడికి' అన్న ఒక్క ముక్కే తక్కువైంది. ఆ లోటు పూడ్చడానికి తర్వాత ఊరూరా మంకీ ఫుడ్ కోర్టులన్నారు. అంటే ఒకచోట పండ్ల మొక్కలు నాటడం. మొక్క చెట్టయి కాయ కాసే దాకా ఐదారేళ్లు ఆగాలని కోతులకు చెప్పే బాధ్యత ఎవరికి అప్పగించారో తెలియదు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఇది మాత్రం మంచి పనే. కాకపోతే కేంద్రం నిర్మల్ దగ్గర, కోతులేమో ఊరూరా గుంపుకు నలభై యాభై ఉన్నాయి.

చట్టం సంగతి మరీ ముచ్చటైనది. 1950లలో పోలియో టీకా పరిశోధనల కోసం మన ఎర్రమూతి కోతులను, ఇంగ్లిషు వాళ్ల లెక్కలో రీసస్ కోతులను, లక్షల్లో అమెరికాకు ఎగుమతి చేశాం. మన బ్లడ్ గ్రూపు పక్కన ఉండే పాజిటివ్, నెగటివ్ కూడా దాని చలవే. ఆర్‌హెచ్ అంటే రీసస్. మామది ఓ పాజిటివ్. ఈ సంగతి చెబితే, "నా నెత్తురుకు కోతి పేరు పెట్టుడేంది?" అని రోజంతా నాతో మాట్లాడలేదు. అమెరికాలో సైన్యం రేడియేషన్ పరీక్షలకు మన కోతులను వాడుతోందని బయటపడ్డాక, 1978 ఏప్రిల్ 1 నుంచి ఎగుమతులు ఆపేశాం. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి అదే కోతిని రక్షిత జాబితా నుంచి తీసేశాం. అది అమల్లోకి వచ్చింది 2023 ఏప్రిల్ 1న. కోతి విషయంలో మనకు ఆ తేదీ మీద ఎందుకో గురి. ఇప్పుడు అది చట్టం దృష్టిలో వన్యప్రాణి కాదు, అలాగని పెంపుడు జంతువూ కాదు. ఫిర్యాదు పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే పక్క ఆఫీసు పేరు చెబుతారు, పక్క ఆఫీసులో మొదటి ఆఫీసు పేరు చెబుతారు. కోతే నయం, కొమ్మ మారినా చెట్టు మీదే ఉంటుంది.

పరాయి దేశాల్లో కోతులకు ఎంత విలువ అనుకుంటాం గానీ అక్కడా ఇదే తంతు. థాయిలాండ్‌లో లోప్‌బురి అని ఒక ఊరుంది. ఆ ఊరిని రాముడే హనుమంతుడికి బహుమానంగా ఇచ్చాడని వాళ్ల కథ. 1989 నుంచి ఏటా నవంబరులో పాత గుడి ముందు బల్లలు పరిచి, పండ్లు గోపురాల్లా పేర్చి కోతులకు విందు చేస్తారు. అది చూడటానికి టూరిస్టులు. 2024లో ఆ అతిథులనే బోన్లూ మత్తుసూదులూ పెట్టి పట్టారు. ఆ నవంబరులో రెండు వందల దాకా కోతులు తప్పించుకుని పోలీస్ స్టేషన్‌ను చుట్టుముడితే, పోలీసులు తలుపులూ కిటికీలూ వేసుకుని లోపల కూర్చున్నారు.

తెలివైన కోతులంటే స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న జిబ్రాల్టర్‌వే. అవి ఆ కొండ మీద ఉన్నన్నాళ్లే అక్కడ బ్రిటిష్ పాలన ఉంటుందని ఎవరో ఎప్పుడో ఒక మాట పుట్టించారు. రెండో ప్రపంచ యుద్ధం నడుమ వాటి సంఖ్య తగ్గిపోతే, హిట్లర్‌తో తలపడుతున్న చర్చిల్ ఆ పని మధ్యలో కోతులను వెంటనే పెంచమని ఆదేశాలిచ్చాడు. వాటి బాగోగులు చూడటానికి సైన్యంలో ఒక అధికారి కూడా ఉండేవాడు. సామ్రాజ్యం అటూ ఇటూ ఊడిపోయింది గానీ జిబ్రాల్టర్ ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది. మన దగ్గర కూడా అలాంటి పుకారు ఒకటి పుట్టించాలని నా సూచన. ఊళ్లో కోతులు సుఖంగా లేకపోతే ప్రభుత్వం పడిపోతుందని ఒక్క జ్యోతిష్కుడు టీవీలో అంటే చాలు, మర్నాటికి జీవో వస్తుంది.

పుకారు అక్కర్లేకుండానే కోతి రాజకీయాల్లోకి వచ్చేసిందనుకోండి. తెలంగాణలో 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో సీసీ రోడ్లు, మురికి కాల్వల పక్కన కోతుల బెడద కూడా హామీల్లో చేరింది. మామ ఊళ్లో ఒకాయన నెల రోజుల్లో కోతులను పట్టిస్తానన్నాడు. ఇంకొకాయన, మనకున్నవి మన కోతులు కావని, పక్క ఊరి వాళ్లు పట్టించి తెచ్చి వదిలినవని వాదించాడు. రెండో మాటలో నిజముంది. పట్టేవాళ్లకు కోతికింత అని కూలి. బోన్లలో ఎక్కించి రాత్రికి రాత్రి అడవిలో వదిలేస్తారు. అడవి అంటే పక్క మండలం.

ఇంతలో పదడుగుల పులి సంగతి మామ మానుకున్నాడు. సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి ఎలుగుబంటి వేషం వేసే మనిషిని చేలో తిప్పాడని 2022లో వార్త వచ్చింది కదా, ఆ వీడియో మామ ఫోనుకు ఇప్పుడు చేరింది. వెంటనే ఒక ఎలుగుబంటిని కుదుర్చుకున్నాడు. మొన్న వెళ్లినప్పుడు చూశాను. నల్లటి బొచ్చు డ్రెస్సు వేసుకుని మొక్కజొన్న వరుసల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. కోతులు నిజంగానే దూరంగా, సగం గుట్ట మీద కూర్చున్నాయి. మధ్యాహ్నం ఎలుగుబంటి వేపచెట్టు కిందికి వచ్చి, తల తీసి గట్టు మీద పెట్టి, చెమట తుడుచుకుని సద్ది విప్పాడు. యాభై దాటిన మనిషి. అన్నంలో పచ్చిపులుసు పోసుకుంటున్నాడు.

"నిజం ఎలుగుబంటిని ఎప్పుడన్న చూసినవా అన్నా?" అనడిగాను.

"చిన్నప్పుడు ఆ గుట్ట మీదనే చూసిన. మొర్రి పండ్లకొచ్చేది." వేలితో చూపించిన చోట గుట్ట లేదు, నీళ్లు నిలిచిన క్వారీ గుంత ఉంది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మామ వైపు తిరిగాడు.

"అన్నా, మంగళారం నాకు సెలవు గావాలె. కొండగట్టుకు పోతున్న. కోతులకు అరటిపండ్లు పెడ్తనని మొక్కున్నది."

ఆ ఒక్క రోజు కోతులు చేను ఖాళీ చేస్తాయేమో అని మామ కాసేపు లెక్కలు వేసుకున్నాడు. తర్వాత లేచి, అంగీ జేబులోంచి వంద నోటు తీసి ఎలుగుబంటి చేతిలో పెట్టాడు.

"నా పేరు మీద గూడ ఓ డజను పెట్టు."