మట్టి నివేదికను మీటరు లెక్కన కొంటున్నాం

మాసాబ్ ట్యాంక్‌లో ఇప్పుడు ట్యాంక్ లేదు. నల్లకుంటలో కుంట లేదు. నీళ్లు పోయి పేర్లు మిగిలాయి. హైదరాబాద్‌లో ఎక్కడ రోడ్డు వేయాలన్నా, ఫ్లైఓవర్ కట్టాలన్నా, కింద నేల ఎలాంటిదో చెప్పే మొదటి ఆనవాలు ఇలాంటి పేర్లలోనే దొరుకుతుంది. నేల సంగతి తేల్చడానికి జియోటెక్నికల్ కన్సల్టెంట్‌ను పెట్టుకుంటాం. కానీ ఆ టెండర్‌లో చాలాసార్లు అసలు ప్రశ్న ఒక్కటే: మట్టి పరీక్ష కోసం తవ్వే బోరుకు మీటరు ధర ఎంత? తక్కువ రాసినవారికి పని దక్కుతుంది.

ఈ నగరంలో ఆ పద్ధతి ఎక్కువ నష్టం చేస్తుంది. మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అందుకే 'కిందంతా రాయే కదా' అన్న ధీమా ఇంజినీర్లలో కూడా కనిపిస్తుంది. కానీ ఆ రాయి ఒకే పలకగా లేదు. పగుళ్ల వెంట నీరు దిగి, లక్షల ఏళ్లుగా రాయిని మొరంగా, అంటే పొడిపొడి గరుకు మట్టిగా, మార్చింది. మారకుండా మిగిలిన గుండురాళ్లు ఆ మొరంలోనే చిక్కుకుని ఉన్నాయి. ఖాజాగూడ గుట్టల మీద పైకి కనిపించే రాళ్లలాంటివే చాలాచోట్ల భూమిలో దాగి ఉంటాయి.

నేల గట్టితనం తెలుసుకోవడానికి బోరులో ఒక గొట్టాన్ని నిలిపి, దాన్ని దిగగొట్టేలా 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కిస్తారు. గుండురాయి అడ్డుపడితే సుత్తి ఎగిరిపడుతుంది, గొట్టం కదలదు. తొందరలో ఉన్న బృందం 'రాయి తగిలింది' అని రాసుకుని యంత్రాన్ని తరువాతి చోటికి తరలిస్తుంది. ఆ గుండు కింద మెత్తటి మొరం ఉంటే? ఫ్లైఓవర్ స్తంభం పునాది ఆ నివేదికను నమ్ముకునే దిగుతుంది.

పని తెలిసిన కన్సల్టెంట్ అక్కడ ఆగరు. రాయిలోకి ఇంకొన్ని మీటర్లు తొలిపించి కోర్ (కడ్డీలాంటి రాతి నమూనా) తీయిస్తారు, బయటికి వచ్చిన ముక్కల పొడవు కొలుస్తారు, అది గుండా లేక అసలు శిలా అన్నది తేలుస్తారు. రాయిలో డ్రిల్లింగ్ నెమ్మదిగా సాగుతుంది, వజ్రపు బిట్లు అరిగిపోతాయి. కనీస ధరకు ఒప్పుకున్నవారికి అలాంటి ప్రతి అదనపు మీటరూ చేతి నష్టమే. అందువల్ల నా కోపం ముందుగా డ్రిల్లింగ్ బృందం మీద కాదు, ఆ ఒప్పందం రాసినవారి మీద.

ఇక చెరువులు, నాలాలు. పూడ్చిన శిఖం భూమిలో, అంటే చెరువు గర్భంలో, ఒండ్రు ఉంటుంది, దాని మీద ఇళ్ల శిథిలాలు, చెత్త ఉంటాయి. పది మీటర్ల దూరంలోనే నేల మారిపోతుంది. అక్కడ 'ఇన్ని మీటర్లకు ఒక బోరు' అన్న సమదూరపు లెక్క పనికిరాదు. 2022 డిసెంబర్‌లో గోషామహల్ చాక్నవాడిలో నాలా మీది రోడ్డు కూలి వాహనాలు లోపల పడ్డాయి. దాన్ని మట్టి పరీక్షల లోపంగా నేను చూపడం లేదు. రోడ్డు కింద ఏముందో మరచిపోతే ఏమవుతుందో మాత్రం ఆ రోజు నగరమంతా చూసింది.

నల్లరేగడి తగిలే శివార్లలో ఉబ్బుదల పరీక్ష తప్పనిసరి. ఉబ్బుదల సూచిక 50 శాతం దాటిన మట్టిని రోడ్డు పునాది పొరకు వాడకూడదని కేంద్ర రోడ్ల శాఖ నిబంధనలు చెబుతున్నాయి. రోడ్డు కింది మట్టి ఎంత బరువు మోయగలదో చూసే సీబీఆర్ పరీక్షకు నమూనాను నాలుగు రోజులు నీటిలో నానబెట్టాలి. ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే చాలదు, మనకు కావలసిన ఈ పరీక్షలకు ఆ గుర్తింపు వర్తిస్తుందో లేదో చూడాలి.

మరి ఎలా ఎంచుకోవాలి? నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసి కన్సల్టెంట్‌ను ఎంచుకునే వీలును కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నియమావళి కల్పించింది. ఆ నాణ్యత మార్కులు కంపెనీ టర్నోవర్‌కో, పాత సర్టిఫికెట్ల కట్టకో పోకూడదు. రోడ్డు మార్గం ముందుంచి, 'ఎక్కడ ఎన్ని బోర్లు వేస్తారు, ఎందుకు?' అని రెండు పేజీలు రాయించాలి. పాత పటాలు తెరిచి, మార్గం ఏ కుంట మీదుగా పోతుందో చెప్పినవారికీ, సమానంగా చుక్కలు పెట్టి ఇచ్చినవారికీ తేడా ఆ రెండు పేజీల్లోనే బయటపడుతుంది. బోరు దగ్గర నిలబడే ఇంజినీరు పేరు ఒప్పందంలో ఉండాలి. సంతకం పెట్టే పెద్దాయన పేరొక్కటే సరిపోదు. రాయిలో డ్రిల్లింగ్‌కు, అవసరమని తేలిన అదనపు బోర్లకు వేరే ధర ఉండాలి. కన్సల్టెంట్‌ను నియమించేది రోడ్డు కట్టించే సంస్థ కావాలి. పునాది ఖర్చు తగ్గితే లాభపడే కాంట్రాక్టర్ చేతికి ఆ నియామకం వెళ్లకూడదు.

నీటిమట్టం గురించి కూడా అడగాలి. మే నెలలో బోరు వేసి 'నీరు తగలలేదు' అని రాసిన కాగితంతో అండర్‌పాస్ గోడలు డిజైన్ చేయడం నన్ను భయపెడుతుంది. కొన్ని బోర్లలో చిల్లుల పైపు దించి ఉంచి, వానాకాలం చివర మళ్లీ వచ్చి కొలవాలి. దానికి పెద్ద ఖర్చు కాదు. అయితే టెండర్ పట్టికలో దానికంటూ ఒక వరుస లేకపోతే సెప్టెంబర్‌లో ఎవరూ తిరిగి రారు.