పేరయ్యే పెళ్లికొడుకైతే

పై వాటా అద్దెకివ్వాలంటే మనం వచ్చినవాళ్లను ఊరేది, ఉద్యోగమేది, ఇంటికి చుట్టాలు ఎక్కువగా వస్తారా అని అరగంట నిలబెట్టి అడుగుతాం. ఇదంతా ఉత్త చాదస్తం. అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసే పెద్దలు ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎలా ఎంచుకుంటారో చూసి నేర్చుకోవాలి.

2008లో జాన్ మెకెయిన్ అలాస్కా గవర్నర్ సారా పేలిన్‌ను ఎంచుకున్నారు. అంతకుముందు ఆమెను ముఖాముఖి చూసింది ఒక్కసారి. ఆగస్టు 28న ఇంటికి పిలిచి మాట్లాడారు, 29న తన 72వ పుట్టినరోజునాడు ప్రకటించేశారు. పెళ్లిచూపుల మర్నాడే తాళి! ఆ వయసులో తనకేమైనా అయితే దేశం ఎవరి చేతికి పోతుందన్న టెన్షన్ ఆయనకు లేదు. అదే స్థితప్రజ్ఞత.

1972లో జార్జ్ మెక్‌గవర్న్ ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి సెనేటర్ ఈగల్టన్‌ను ఖాయం చేసుకున్నారు. ఆయన గతంలో డిప్రెషన్‌కు కరెంటు షాక్ చికిత్స తీసుకున్నారని తర్వాత బయటపడింది. జబ్బు చేయడం తప్పు కాదు, ముందు అడగాలని తోచకపోవడమే వింత. 'వెయ్యి శాతం ఆయన వెంటే' అన్న మెక్‌గవర్న్ వారం తిరక్కుండానే తప్పించారు. వంద శాతం అని ఉంటే ఒక్కపూటే దక్కేది కాబోలు.

అన్నిటికీ తలమానికం 2000 నాటిది. జార్జ్ బుష్ తనకు తగిన జోడీని వెతకమని డిక్ చేనీకి అప్పగించారు. పేరయ్య గారు వచ్చిన ప్రతి సంబంధానికీ ఆస్తులు, జబ్బులు, పాత గొడవలు అన్నీ కూపీ లాగారు. చివరికి పీటల మీద కూర్చున్నది చేనీ గారే. అప్పటికి ఆయనకు మూడు గుండెపోట్లు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే గరిటె పక్కన పెట్టి మొదటి బంతిలో ఆకు వేసుకున్నాడు.

ఒక్క చిక్కు. బుష్‌ది టెక్సాస్, చేనీ అప్పుడు ఉంటున్నదీ టెక్సాసే. ఒక రాష్ట్రపు ఎలక్టర్లు, అంటే ప్రజల తరఫున అధ్యక్ష, ఉపాధ్యక్షులను ఎన్నుకునే ప్రతినిధులు, రెండు పదవులకూ తమ రాష్ట్రం వాళ్లకే ఓటేయకూడదని అక్కడి రాజ్యాంగం చెబుతుంది. అంటే సగోత్రం. ప్రకటనకు నాలుగు రోజుల ముందు చేనీ వయోమింగ్ వెళ్లి ఓటరు నమోదు మార్చుకొచ్చారు. గోత్రం మారింది, సంబంధం ఎనిమిదేళ్లు నిలిచింది. పాపం, తమ జాతకాలన్నీ ఆయన చేతిలో పెట్టినవాళ్లకు పెళ్లి భోజనమైనా పెట్టారో లేదో.