నా కుడి జేబులో కాపురముంటున్న రివాల్వరు గారికి

మహారాజశ్రీ రివాల్వరు గారి సముఖానికి, మీ మోతగాడు నమస్కరించి రాసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి. మీరు నా కుడి జేబులోనే ఉన్నారు కనుక మీ క్షేమం ప్రత్యేకంగా అడగనక్కరలేదు. ఈ ఉత్తరం నా క్షేమం గురించి.

బరువైన తుపాకీ ఇంట్లో ఉండిపోతుందని, తేలికైనదే వెంట ఉంటుందని చెప్పి ఇక్కడ అమెరికాలో దుకాణదారు మిమ్మల్ని నాకు అంటగట్టారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. ఖాళీగా 425 గ్రాములు తూగే మీరు అయిదు తూటాలు మింగినా అర కిలో దగ్గరే ఆగిపోతారు కాబట్టి, మీరు నా వెంట లేని రోజంటూ లేదు. అయితే ఇన్నాళ్లు ఒకే పంట్లాములో కాలం గడిపినా మన మధ్య పరిచయం పెరగలేదు, అందుకు కారణం కూడా ఆ 425 గ్రాములే.

మీ వంశచరిత్ర నేను చదివాను. 1927లో అమెరికా తుపాకుల కంపెనీ కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ పేరుతో పొట్టి గొట్టపు ఉక్కు రివాల్వరును తెచ్చింది. 1950లో అదే కంపెనీ అల్యూమినియం చట్రంతో కోబ్రా అనే తేలికపాటి రివాల్వరును తెచ్చింది. ఆ తరువాత టైటానియం, స్కాండియం లాంటి లోహాలు, చివరికి ప్లాస్టిక్ జాతి పదార్థాలు కూడా చేరి మీ వాళ్లను ఏటికేడు బక్కచిక్కించాయి. మీరు ఎవరి ఇంటివారో ఇక్కడ చెప్పను కానీ, ఆ ఇంటి ఆశయమూ అదే. తుపాకీ ఇంతగా చిక్కిపోతున్నా, పందొమ్మిదో శతాబ్ది చివర పుట్టిన, మీరు మింగే .38 స్పెషల్ అనే తూటా తన కోపాన్ని రవ్వంత కూడా తగ్గించుకోలేదు. తూటా అదే అయి తుపాకీ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చర్మం అందుకు సాక్ష్యం చెబుతుంది.

షూటింగ్ రేంజ్‌లో మన దాంపత్యం ఎలా సాగుతుందో మీకు గుర్తు చేయాలి. యాభై తూటాల డబ్బా తెరుస్తాను. మొదటి అయిదింటికి ఉత్సాహం ఉంటుంది, రెండో అయిదింటికి భయం మొదలవుతుంది, మూడో అయిదింటికి పేలకముందే నా కళ్లు మూతపడతాయి. మిగిలిన ముప్పై అయిదూ భద్రంగా ఇంటికి తిరిగివస్తాయి. మీరు అర కిలో లేకపోయినా మీ ట్రిగ్గరు లాగడానికి దాదాపు 5 కిలోల బలం కావాలి. జేబులో పొరపాటున పేలకుండా ఉండేందుకు ఆ బిగువు సాయపడుతుందని ఒప్పుకుంటాను, కానీ నేను లాగే లోపల మీ ముక్కు ఎటు తిరుగుతుందో మీకే తెలియదు. గురి చూసుకోవడానికి నెత్తిన ఒక గాడి, ముందు ఒక చిన్న బొడిపె, ఆ రెంటి మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆరు మీటర్ల దూరంలో కాగితం మీద నేను చేసిన రంధ్రాలను చూసి పక్క గడిలో ఉన్న పెద్దాయన, ఎన్ని రకాల తుపాకులు వాడానని మర్యాదగా అడిగారు.

మీ తేలికదనం తూటాలకు కూడా గిట్టదు. మీకంటే బక్కవారైన మీ బంధువుల్లో ఒక తూటా పేలిన అదురుకు, పక్క గదుల్లో వంతు కోసం వేచి ఉన్న తూటాల గుండ్లు తమ తొడుగుల నుంచి ముందుకు జారి, తూటాలుండే సిలిండరు తిరగకుండా అడ్డుపడటం కద్దు. ఏ బరువుకు తక్కువ గుండ్లు వాడకూడదో కొందరి గొట్టం మీదే చెక్కి ఉంటుంది. వంటికి పచ్చబొట్టు పొడిపించుకుని జాగ్రత్త చెప్పే ఆయుధాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఇంటి సంగతి. కుడి జేబు మీకు రాసిచ్చేశాను. తాళంచెవి ట్రిగ్గరులో దూరుతుందన్న భయంతో తాళాలు, చిల్లర, ఫోను అన్నీ ఎడమ జేబుకు వలస వెళ్లాయి. చొక్కా లోపలికి దోపుకోవడం మానేశాను. బంధువులు కౌగిలించుకోబోతే ఎడమ భుజం ముందుకు పెడతాను, వారు నాకు పక్షవాతం తగిలిందేమోనని బాధపడుతున్నారు. జేబు బట్టకు తగులుకోకూడదని, తూటాను పేల్చే మీ సుత్తిని లోపలే దాచిన శిల్పులు, ఆ జేబులోని నూలు పీచు గొట్టంలో చేరకుండా ఏ ఉపాయమూ చేయలేదు. ఆ పీచు దులపడమే మీకు నేను క్రమం తప్పకుండా చేసే సేవ.

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఆత్మరక్షణకు ఇంటి బయట తుపాకీ దగ్గర ఉంచుకోవడం హక్కేనని, అనుమతికి ప్రత్యేక కారణం చూపమని న్యూయార్క్ రాష్ట్రం అడగరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు చెప్పిన భవనంలోకి మాత్రం మనం కలిసి వెళ్లలేం. రాష్ట్ర సరిహద్దు దాటినా అంతే: ఇటువైపు పెద్దమనిషినైన నేను, నా అనుమతిపత్రం చెల్లని అటువైపు నేరస్థుణ్ణి.

వచ్చే ఆదివారం మిగిలిన ముప్పై అయిదు తూటాలతో మళ్లీ రేంజ్‌కు వెళ్దామని నిశ్చయించాను. మీరు ఎలాగూ వస్తారు. నాకే ఆ ఉదయం మణికట్టు నొప్పి వచ్చేటట్టుంది.

ఇట్లు,
కూలి అడగని మీ మోతగాడు