ఈ యంత్రానికి ఇంత మడి ఎందుకు?

ధాన్యపు ఊకనో చెక్కపొడినో పాత ప్లాస్టిక్కుతో కలిపి, కరిగించి, చెక్కలాంటి పలకలు తీసే యంత్రాలు గోదావరి డెల్టాలో ఊరూరా ఎందుకు వెలవలేదని విజ్ఞులు విచారిస్తున్నారు. లోపం మనది కాదనీ, ముమ్మాటికీ యంత్రానిదేననీ సవినయంగా మనవి చేస్తున్నాను.

ముడిసరుకుకు మనకు కొదవ లేదు. మిల్లుకు చేరిన ధాన్యంలో ఇంచుమించు అయిదోవంతు ఊకే. (దానిలో చాలా భాగం మిల్లుల బాయిలర్లకే పోతోందన్న మాట నిజమే గాని, శుభమా అని మొదలుపెట్టినప్పుడు అలాంటివి ఎత్తకూడదు.) అంబాజీపేట వైపు కొబ్బరి డొక్కలు, కడియం నర్సరీల నల్ల సంచులు, చెరువు గట్ల మీద ఖాళీ మేత సంచులు ఉండనే ఉన్నాయి. వీటిని మనం దాచుకోకుండా కాలువకు సమర్పిస్తున్నాం. వేసవిలో కాలువలు కట్టేశాక లాకుల దగ్గర చూడండి: గుర్రపుడెక్క వేళ్లలో షాంపూ పొట్లం, దాన్ని చుట్టుకున్న సంచి పోగులు, నడుమ ఒక కొబ్బరి డొక్క, అన్నిటినీ పట్టి ఉంచిన ఎండు బురద. గడ్డపారకు కూడా సులువుగా లొంగని ఆ మిశ్రమాన్ని మనం కరెంటు ఖర్చు లేకుండా తయారుచేశాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర ఈ పరిశ్రమను ఊహించి ఉండడు.

యంత్రం మాత్రం దీన్ని ముట్టదు. ఊకలో తడి నూటికి ఒకటి రెండు పాళ్లు దాటితే ఆవిరి పుట్టి పలక గుల్లబారుతుందట. వేడి 200 డిగ్రీలు మించితే ఊక మాడుతుందట. అందువల్ల ఆలోపే కరిగే పాలిథీన్, పాలీప్రొపిలీన్ వంటివే కావాలి తప్ప, 250 డిగ్రీలకు గాని కరగని నీళ్ల సీసా పనికిరాదు. పొరల మీద పొరలు అతికిన షాంపూ పొట్లమైతే మరీ పేచీ. నీళ్లు పీల్చే ఊక, నీళ్లంటని ప్లాస్టిక్కు వాటంతటవి అంటుకోవు గనుక, రెంటినీ కలిపే రసాయనం కూడా కొద్దిగా పడాలి. ఇన్నీ సమకూర్చాక ఊకలోని ఇసుకలాంటి సిలికా, ముద్దను ముందుకు తోసే తన స్క్రూను అరగదీస్తోందని మళ్లీ ఫిర్యాదు!

అంటే ప్లాస్టిక్కును ఏ రకానికి ఆ రకం ఏరి, కడిగి, ఆరబెట్టి ఇవ్వాలన్నమాట. ఆ పని ఇంట్లోనే మొదలుకావాలని కొందరంటారు. ఇంటికి పంచిన చెత్తబుట్టలు రెండూ గట్టివి కావడం వల్ల, ఒకదానిలో తవుడు పోసుకుని, రెండోదానిలో బట్టలు నానబెట్టుకుంటున్న గృహస్థులను ఇంతకన్నా ఏమడగగలం?

కాబట్టి మన చెత్తను ఉన్నదున్నట్టు స్వీకరించే యంత్రాన్ని కనిపెట్టవలసిందిగా శాస్త్రజ్ఞులను కోరుతున్నాను. దాని మొదటి పలకలతో కాలువ గట్టునే ఒక బల్ల వేయించాలి. దానికి చెదల భయం తక్కువ. పైగా సంచి విసరడానికి లేచి నిలబడే శ్రమ తప్పుతుంది.