ఎవరైనా ఫోన్ చేయొచ్చట!

శ్రోతలు ఫోన్ చేసి రాజకీయాలు మాట్లాడే అమెరికా టాక్ రేడియోలో "లైన్లు ఖాళీగా ఉన్నాయి, ఎవరైనా ఫోన్ చేయండి" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. ఎవరైనానా? ఫోన్లెత్తే స్క్రీనర్ ముందే పేరు, ఊరు, చెప్పబోయే విషయం కనుక్కుని హోస్ట్ ఎదురుగా ఉన్న తెర మీద పెడతాడు. ఎదురు మాట్లాడేవాడిని తీసుకున్నా, తడబడేవాడినే ఏరుకోవచ్చు. ప్రసారంలో కొన్ని సెకన్ల డిలే, లైన్ కట్ చేసే బటన్ సరేసరి. ఇంత వడపోశాక, దేశమంతా ఇదే అనుకుంటోందని వినేవాళ్లకు అనిపించదూ!

వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలూ వినిపించాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ను 1987లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఎత్తేసింది. మరుసటి ఏడాదే కన్జర్వేటివ్ హోస్ట్ రష్ లింబా షో దేశమంతటా మొదలైంది. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టంతో ఒక కంపెనీకి ఇన్నే రేడియో స్టేషన్లన్న జాతీయ పరిమితీ పోయింది. ఒకచోట తయారై ఎన్నో స్టేషన్లకు వెళ్లే సిండికేటెడ్ షో ప్రకటనల నిమిషాలకు బదులుగా ఊరికే వచ్చేస్తుంటే, జీతమిచ్చి స్థానిక విలేకరిని పెట్టుకునేదెవరు?

ఇక ఈ హోస్టులు చెప్పే చరిత్ర. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో రిపబ్లికన్లు (అనుకూలం–వ్యతిరేకం) 27–6, డెమొక్రాట్లు 46–21గా ఓటేశారు. అంకెలు నిజమే. "చూశారా, అడ్డుపడింది ఎవరో!" అనేసి బ్రేక్‌కి వెళ్లిపోతారు. ఆ 21 మందిలో 20 మంది అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల, అంటే పాత కాన్ఫెడరేట్ రాష్ట్రాల వాళ్లేనని, అక్కడున్న ఒకే ఒక్క రిపబ్లికన్ సెనేటరూ కాదన్నాడని చెప్పరు. వ్యతిరేకంగా ఓటేసిన గోల్డ్‌వాటర్‌నే ఆ ఏడాది రిపబ్లికన్లు అధ్యక్ష పదవికి నిలబెట్టారని, ఆయన గెలిచిన ఆరు రాష్ట్రాల్లో ఐదు దక్షిణాదివేనని అసలే చెప్పరు. కారు నడుపుతూ వినేవాడు బండి ఆపి నిజమేంటో వెతుక్కుంటాడా? మూడు గంటల షోలో ఈ నాలుగు ముక్కలకే టైము చాలదు మరి.