మహారాజశ్రీ స్టీలు స్పోర్ట్స్ వాచీ గారికి

మహారాజశ్రీ లగ్జరీ స్టీలు స్పోర్ట్స్ వాచీ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, అక్కడ తమరు లాకరులో క్షేమమని తలుస్తాను. ఒంటి మీద అంటించిన ప్లాస్టిక్ పొర ఊడకుండా, పెట్టె, కాగితాలు, రసీదు, ట్యాగు, ఆ పెట్టెని పెట్టిచ్చిన అట్టపెట్టెతో సహా పదిలంగా ఉన్నారని నమ్ముతున్నాను. మిమ్మల్ని చేతికి పెట్టుకునే యోగం మీ యజమానికి ఇంకా పట్టలేదని విన్నాను. ఇక పట్టకపోవచ్చు కూడా. పెట్టుకుంటే గీతలు పడతాయి, గీతలు పడితే రేటు పడుతుంది, రేటు పడితే ఆయనకి నిద్ర పట్టదు.

ముందే చెప్పేస్తాను, ఇది అందని ద్రాక్ష బాపతు ఉత్తరమే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అందలేదు కాబట్టే మిమ్మల్ని నింపాదిగా చూసే తీరిక దొరికింది. అందినవాళ్లు ఇవాళ్టి రేటెంతో చూసుకునే పనిలో ఉన్నారు.

మీ పుట్టుక సంగతి మీకు గుర్తుందో లేదో. 1969 డిసెంబరు 25న జపాను కంపెనీ సీకో వాళ్లు ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని మార్కెట్లోకి దింపారు. బ్యాటరీతో నడిచే ఆ వాచీ టైము చెప్పడంలో స్విస్ మెషీన్లన్నిటినీ చిత్తు చేసింది, స్విట్జర్లాండులో కంపెనీలకి కంపెనీలే మూతపడే రోజులొచ్చాయి. ఆ కాలంలో ఒడెమార్ పిగే అనే స్విస్ వాచీ కంపెనీ వాళ్లు జెరాల్డ్ జెంటా అనే డిజైనర్‌కి సాయంత్రం ఫోన్ చేసి తెల్లారేసరికి కొత్త రకం స్టీలు వాచీ బొమ్మ కావాలన్నారట, ఆయన రాత్రికి రాత్రే గీసిచ్చాడట. ఇది జెంటా తనే చెప్పుకున్న కథ. అలా 1972లో బాసెల్ వాచీల ప్రదర్శనలో రాయల్ ఓక్ బయటికొచ్చింది. 39 మిల్లీమీటర్ల వెడల్పు, ఎనిమిది పలకల ముఖం, ధర 3,000 స్విస్ ఫ్రాంకులకు పైనే. ఆ రోజుల్లో ఆ డబ్బుకి బంగారు వాచీలే వచ్చేవి, అందుకే చాలామంది నోళ్లు వెళ్లబెట్టారు, అమ్మకాలు కూడా మొదట్లో నత్తనడకే నడిచాయి. 1976లో పటెక్ ఫిలిప్ అనే మరో స్విస్ కంపెనీ వాళ్లు అదే జెంటా చేత నాటిలస్ అనే వాచీ గీయించుకుని, ప్రపంచంలోకెల్లా ఖరీదైన వాచీల్లో ఒకటి స్టీలుది అని ప్రకటనల్లోనే గొప్పగా వేసుకున్నారు.

అంటే మీరు పుట్టడమే ఒక పొగరుబోతు ప్రశ్నగా పుట్టారు. బంగారం కన్నా స్టీలుకే ఎక్కువ ఇస్తారా? అప్పట్లో జనం సందేహించారు. ఇప్పుడు ఎంత కావాలంటే అంత ఇస్తామంటున్నారు, ఇచ్చే భాగ్యం ఎప్పుడు కలుగుతుందో చెప్పమని బతిమాలుతున్నారు కూడా. పొగరు మీ దగ్గరే ఉండిపోయింది, వినయం మాత్రం కొనేవాడి వాటాకి వచ్చింది.

అబద్ధమెందుకు, మీరు అందంగానే ఉంటారు. రాయల్ ఓక్‌ని ఒకసారి కంటికి దగ్గరగా పట్టుకుని చూడాలి. ముఖం చుట్టూ ఎనిమిది స్క్రూలు, వాటి గాడులన్నీ బుద్ధిగా, ఒకే తీరున, గుండ్రటి వరస వెంట తిరిగి ఉంటాయి. మామూలు స్క్రూ బిగిస్తే గాడి ఎటు తిరిగి ఆగుతుందో బిగించినవాడి చేతుల్లో కూడా ఉండదు. మరి ఎనిమిదీ ఇంత క్రమశిక్షణగా ఎలా ఆగాయి? ఎలాగంటే అవి తిరిగే రకమే కాదు. ఆరు పలకల తల, సరిగ్గా ఆరు పలకల గుంటలో కూర్చుని ఉంటుంది, తిరగమన్నా తిరగదు, బిగింపంతా వెనక వైపు నుంచే. ముందున్న గాడి స్క్రూడ్రైవర్ కోసం కాదు, చూసేవాళ్ల కోసం. పైగా 1972 నాటి మోడల్లో ఆ స్క్రూలు తెల్ల బంగారంతో చేశారు. ఒళ్లంతా స్టీలు, స్క్రూలు బంగారం! ఇంత ముచ్చటగా మోసం చేస్తే నేనైతే చప్పట్లు కొడతాను.

ఇక అంచులు. పైభాగమంతా సన్నటి గీతలతో మసక మెరుపు, దాని పక్కనే వాలుగా కోసిన అంచు మాత్రం అద్దంలా తళతళ, రెండిటి మధ్య బ్లేడుతో కోసినంత స్పష్టమైన సరిహద్దు. స్టీలు బంగారంలా మెత్తగా మాట వినే లోహం కాదు, దాన్ని ఇలా లొంగదీయడానికి మంచి పనివాళ్లు కావాలి, టైము కావాలి. మొదటి రాయల్ ఓక్ నమూనాలను తెల్ల బంగారంతో చేసుకున్నది కూడా స్టీలుతో తంటాలు పడలేకే. కాబట్టి స్టీలేగా, దీనికింత దేనికి అని కొట్టిపారేసేవాళ్లతో నేను కలవను. లోహం ఖరీదు చిల్లర, పనితనం ఖరీదు చిల్లర కాదు. రోలెక్స్ వాళ్లు 904ఎల్ అనే స్టీలు వాడతామని చెప్పుకుంటారు, రసాయన కర్మాగారాల్లో ఆసిడ్‌కి తట్టుకోవడానికి వాడే రకం అది. చేతికి పట్టే చెమట అంత ఘాటైనదని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

పైన పటారం, లోన లొటారం అనే సామెత మీకు అతకదు, లోపల కూడా పటారమే. కాకపోతే ఆ పటారం అరువు తెచ్చుకున్నదని మీ భక్తుల్లో చాలామందికి తెలీదు. 1972 రాయల్ ఓక్, 1976 నాటిలస్, 1977లో వషెరాన్ కాన్‌స్టాంటిన్ వాళ్ల 222, ఈ మూడిట్లోనూ కొట్టుకున్న గుండె ఒక్కటే. జెజెర్ లెకూల్త్ర్ అనే స్విస్ కంపెనీ వాళ్లు చేసిన 920 అనే పలచటి మెషీన్. మూడు వంశాలూ దాన్ని తీసుకుని, ఎవరికి వారు మెరుగులు దిద్ది, ఎవరి పేరు వారు చెక్కించుకున్నారు. చేసిన కంపెనీ మాత్రం తన సొంత వాచీలో దాన్ని ఎప్పుడూ వాడలేదు. మీ భక్తులు ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకుంటూ వాదించుకునేటప్పుడు ఈ సంగతి మధ్యలో పడేసి చూడండి, కాసేపు నిశ్శబ్దం.

స్పోర్ట్స్ వాచీ అన్నారు కదా, ఏ స్పోర్ట్స్ అండీ? మొదటి నాటిలస్ 120 మీటర్ల లోతు వరకు నీటికి తట్టుకునేది, బాగుంది. రాయల్ ఓక్ మాత్రం 50 మీటర్లకే దండం పెడుతుంది. ఆ ఎనిమిది స్క్రూల ఆలోచన డైవర్ల లోహపు టోపీ నుంచి వచ్చిందంటారు, టోపీ సముద్రం అడుగుకి వెళ్తుంది, వాచీ గారు స్విమ్మింగ్ పూల్ గట్టున కూర్చుంటారు. పేరులో ఉన్న ఆట ఏదో మీ యజమానులు ఆడరు, ఆడితే గీతలు.

టైము చెప్పడం సంగతి తీయకూడదు గానీ తీస్తాను. రోలెక్స్ హామీ రోజుకి 2 సెకన్లు అటూ ఇటూ. అది గొప్పే, స్ప్రింగులతో, పళ్ల చక్రాలతో నడిచే యంత్రానికి చాలా గొప్పే. కానీ 1989లో వచ్చిన క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ అనే ప్లాస్టిక్ బక్క ప్రాణి, నెలకి 30 సెకన్లు అటూ ఇటూ అంటుంది. రోజుకి 2 అంటే నెలకి 60. లెక్క నేను చెయ్యను, మీ యజమానే చేసుకుంటాడు, లెక్కలు ఆయనకి బాగా వచ్చు.

ఇప్పుడు అసలు గొడవ. షోరూంలో తమరి దర్శనం. అద్దాల పెట్టెలో వెల్వెట్ దిండు మీద తమరు వెలిగిపోతుంటారు, పక్కనే చిన్న కార్డు, ప్రదర్శనకు మాత్రమే. డబ్బు జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లినవాడికి, ఎదురుగా కనపడుతున్న సరుకుని, ఇది అమ్మేది కాదని చెప్పగలగడం వ్యాపార చరిత్రలోనే ఒక ఘనకార్యం. తర్వాత సేల్స్‌మన్ గారు తెల్ల గ్లవ్స్ సర్దుకుంటూ నెమ్మదిగా అడుగుతారు, మా దగ్గర ఇదివరకు ఏమైనా తీసుకున్నారా సార్ అని. లేదంటే మొహంలో జాలి. పేరు రాసుకుంటాం సార్, ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఈలోగా ఈ బంగారు మోడల్ చూడండి, మేడం గారికి ఈ నెక్లెస్ చూడండి, మీ కొనుగోళ్ల చరిత్ర కొంచెం పెరిగితే మాకూ పైవాళ్లతో మాట్లాడటానికి వీలుంటుంది. అలా తనకు అక్కర్లేని వాచీ ఒకటి, ఆవిడకి అక్కర్లేని నగ ఒకటి కొని, ఆ రెండూ వేసుకుని, మీ కోసం ఫోన్ పక్కన పడిగాపులు పడేవాడిని కస్టమర్ అనాలో భక్తుడనాలో మీరే తేల్చండి. ఫోన్ రాదు. వచ్చినా నీలం డయల్ బదులు వేరే రంగు ఉందంటారు, వద్దంటే మళ్లీ వరస చివరికి పోతానేమోనని టెన్షన్.

ఆ వరసలో నిలబడే ఓపిక లేనివాడు సెకండ్ హ్యాండ్ దుకాణానికి వెళ్తాడు. అక్కడ తమరు కుప్పలు తెప్పలు! షోరూంలో భూతద్దం పెట్టి వెతికినా దొరకనివారు ఇక్కడ వరసగా పేర్చి ఉంటారు, కంపెనీ వేసిన జాబితా ధర మీద ఎంతో కొంత బ్లాకు రేటు, బాగా గిరాకీ ఉన్న మోడలైతే రెట్టింపూ, ఆ పైనా. ఆ పై డబ్బు దేనికో ఎవరూ గట్టిగా అడగరు. పనివాడికి అందులో పైసా పోదు. స్క్రూ గాడి సరిచేసినవాడికి గానీ, అంచు మెరుగు పెట్టినవాడికి గానీ పోదు. ముందుగా వరసలో నిలబడి, వాచీ తీసుకుని, పెట్టె కూడా విప్పకుండా అమ్మేసినవాడికి పోతుంది. నా లెక్క ఇంతే: జాబితా ధర వరకు ఇచ్చేది వాచీకి, కొంత పేరుకి, అది ఎవరి సరదా వాళ్లది, దాని మీద నాకు పేచీ లేదు. ఆ పైన ఇచ్చేదంతా షోరూంలో వినపడిన ఆ నిరాకరణకి కడుతున్న రుసుము. దానికి విలువ ఉందా అంటే నేనైతే లేదనే అంటాను.

ఈ పిచ్చి ఎంతవరకు వెళ్లిందో మీకు చెప్పాలా? 2021లో పటెక్ వాళ్లు నాటిలస్ 5711 స్టీలు మోడల్‌ని ఇక చెయ్యబోమన్నారు, పోతూ పోతూ టిఫనీ అనే అమెరికా నగల దుకాణం వాళ్ల కోసం లేత నీలం డయల్‌తో 170 చేశారు. జాబితా ధర 52 వేల డాలర్ల చిల్లర. అందులో మొదటిది ఆ డిసెంబరులో న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లకు పోయింది. డబ్బు ప్రకృతి సంరక్షణ సంస్థకి వెళ్లింది, కాబట్టి తిట్టడానికి నోరు రావడం లేదు. 2017లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ స్టీలు డేటోనా 1 కోటి 77 లక్షల డాలర్లు పలికింది. అది వాచీ ధర కాదు, ఆ మనిషి ధర, దాన్ని ఒప్పుకుంటాను, కనీసం ఆయన దాన్ని పెట్టుకుని తిరిగాడు. 2022లో వడ్డీలు పెరిగి, క్రిప్టో కుప్పకూలి, మీ బ్లాకు రేట్లు కూడా జారిపడ్డాయి, అప్పటిదాకా వాచీ అంటే పెట్టుబడి అన్నవాళ్లు రాత్రికి రాత్రే వాచీ అంటే అభిరుచి అన్నారు.

అదే ఏడాది డిసెంబరులో రోలెక్స్ వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చి వాడిన వాచీలు అమ్మించడం మొదలుపెట్టారు. ఇప్పుడు అదే అధికారిక డీలరు కొత్తది లేదంటాడు, పాతది ఉందంటాడు, బాగా గిరాకీ ఉన్న స్టీలు మోడల్లో పాతది కొత్తదాని కన్నా ఎక్కువ రేటంటాడు, ఇదంతా ఒకే చిరునవ్వుతో చెప్తాడు.

ఒక్క విన్నపం చేసుకుని ముగిస్తాను. మీ తరంలోనే జిరార్ పెరెగో అనే స్విస్ కంపెనీ వాళ్ల లారియాటో అని ఒకడున్నాడు, 1975లో పుట్టాడు. ఎనిమిది పలకల ముఖం, స్టీలు ఒళ్లు, చక్కటి మెరుగు, సొంత మెషీన్ ఉన్న మోడళ్లు కూడా. సెకండ్ హ్యాండులో జాబితా ధర కన్నా బాగా తక్కువకే దొరుకుతాడు, ఎందుకంటే అతన్ని ఎవరూ దాచిపెట్టలేదు. షోరూంలో అడిగితే తీసి చేతికి పెడతారు, నెక్లెస్ ప్రస్తావన రాదు. మీకు పరిచయమే అయితే నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
ఇంతవరకు మీ డీలరు దగ్గర ఏమీ కొనని ఒకడు

తా.క. ఈ ఉత్తరం మీదాకా చేరడానికి కూడా నా పేరు మీద కొనుగోళ్ల చరిత్ర ఉండాలంటే ముందే చెప్పండి, లారియాటోకే రాసుకుంటాను.